పాలపళ్ల బరువుతో మొదలు: ఆడవాళ్లకు రాడ్ వ్యాయామం, మొదటి మూడు నెలలు

ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో వాడే రాడ్ బరువు 15 కిలోలు. పదిహేను లీటర్లు పట్టే స్టీలు బిందె నిండా పట్టి చంకన ఎత్తుకుంటే అంతకంటే ఎక్కువే తూగుతుంది. పడమటి ప్రకాశంలో కుళాయి దగ్గర్నుంచి ఇంటిదాకా రోజూ నాలుగు బిందెలు మోసిన అమ్మాయి కూడా జిమ్‌లో ఆ రాడ్ చూడగానే "అమ్మో, నా వల్ల కాదు" అంటుంది. నేనూ అన్నాను. అప్పుడు నాకు 39 ఏళ్లు. కావలిలో ఉంటాం. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. మొదటిరోజు ఇంటికొచ్చి చెబితే మా అత్త, "ఏందమ్మే, ఇంట్లో మోసేది చాల్లేదా, డబ్బులు కట్టి మరీ మోస్తన్నావా?" అంది.

ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. కానీ బిందె బరువు ఎన్నేళ్లయినా అంతే. పైగా ఎప్పుడూ ఒకే చంకన మోస్తాం కాబట్టి నడుము ఒక పక్కకే వంగుతుంది. రాడ్ బరువు రెండు వైపులా సమానంగా ఉంటుంది, రోజుకు కొంచెం పెంచుకోవచ్చు, ఎంత పెంచామో పుస్తకంలో రాసుకోవచ్చు. ఈ వ్యాయామమంతా ఆ "కొంచెం" దగ్గరే ఉంది.

ఒంగోలు వైపు ఎద్దుల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పాలపళ్లు ఇంకా ఊడని చిన్న గిత్తలకు ఒక బండ, రెండు పళ్లవాటికి ఇంకొంచెం బరువైనది, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆఖర్న సీనియర్లు. ఎంత జాతి గిత్తయినా పాలపళ్ల వయసులో దాన్ని సీనియర్ బండకు కట్టరు. జిమ్‌లో మాత్రం కొత్తగా వచ్చిన ఆడవాళ్లను ఒక్కోసారి మొదటిరోజే సీనియర్ బండకు కడతారు. లేదా రెండు కిలోల గులాబీ రంగు డంబెల్స్ చేతికిచ్చి ఏడాదంతా అవే ఊపమంటారు. రెండూ దండగే.

ముందు రక్తపరీక్ష

బూట్లు కొనేముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భవతులు కానివాళ్లకు హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. రక్తం తక్కువైతే మూడో సెట్‌కే (సెట్ అంటే ఆపకుండా వరుసగా ఎత్తే ఒక విడత) ఆయాసం వస్తుంది, కళ్లు తిరుగుతాయి. మనమేమో "నాకు ఒంట్లో బలం లేదు" అనుకుని మానేస్తాం. డాక్టర్ రాసిచ్చిన ఐరన్ మాత్రలు వాడుతూనే తక్కువ బరువుతో మొదలుపెట్టవచ్చేమో అడగండి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే మానుకోండి, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా చేస్తుంది.

బీపీ, గుండె జబ్బు, డిస్క్ నొప్పి ఉన్నవాళ్లు, ఆపరేషన్‌తో కాన్పయినవాళ్లు, గర్భవతులు డాక్టర్‌ను అడగకుండా రాడ్ ముట్టుకోవద్దు. మా జిల్లాల్లో ఇంకో జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. కనిగిరి చుట్టుపక్కల ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన చాలామందికి ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. మెడ తిప్పలేకపోతున్నా, నడుము వంగకపోతున్నా అది బద్ధకం అనుకోకండి. ముందు ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి.

ఇక పెద్దవాళ్ల భయం: "బరువులెత్తితే గర్భసంచి జారుతుంది." ఇప్పటికే జారినట్టు అనిపిస్తున్నవాళ్లు, కింద బరువుగా ఉన్నవాళ్లు లేడీ డాక్టర్‌కు చూపించుకున్నాకే రావాలి. లేనివాళ్లు పాలపళ్ల బరువుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటే భయపడాల్సిన పని లేదు. దగ్గినప్పుడు, రాడ్ లేపినప్పుడు మూత్రం చుక్క పడుతుంటే మాత్రం దాచుకోకండి. కాన్పులైన చాలామందికి ఉండేదే. ఆ కండరాలకు వేరే వ్యాయామాలున్నాయి, ఫిజియోథెరపిస్ట్ నేర్పుతారు. అంతవరకూ బరువు తగ్గించండి.

మగవాళ్లలా కండలు తిరుగుతాయన్న భయానికి రెండు మాటలు చాలు. కండ పెరగడానికి తోడ్పడే టెస్టోస్టిరాన్ హార్మోన్ మగవాళ్లతో పోలిస్తే మన ఒంట్లో చాలా తక్కువ. పైగా మొదటి వారాల్లో పెరిగేది ఎక్కువగా కండ కాదు. ఉన్న కండను ఒక్కసారిగా వాడుకోవడం నరాలకు అలవాటవుతుంది. అందుకే ఒంటి కొలతలు మారకుండానే ఎత్తే బరువు పెరుగుతుంది. కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ స్థాయికి ఎన్నేళ్ల సాధన కావాలో ఆలోచిస్తే, మూడు నెలల్లో మనకు ఏదో అయిపోతుందన్న టెన్షన్ దానంతట అదే పోతుంది.

జిమ్‌కెళ్లి చూడాల్సినవి

ఏసీ ఉందా, అద్దాలున్నాయా అని కాదు చూడాల్సింది. స్క్వాట్ (రాడ్ వీపున పెట్టుకుని గొంతుక్కూర్చుని లేవడం) చేయడానికి ర్యాక్, అంటే రాడ్ నిలిపే స్టాండు ఉందా, దానికి అడ్డంగా పెట్టే సేఫ్టీ కడ్డీలు ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న. రాడ్‌తో లేవలేకపోతే ఆ కడ్డీల మీద వదిలేసి బయటికి రావచ్చు. పట్టాల మధ్య రాడ్ జారే స్మిత్ మెషీన్ దీనికి బదులు కాదు. అక్కడ రాడ్ అటూ ఇటూ ఒరగకుండా మెషీనే ఆపుతుంది, ఆ నిలకడ మనకు అలవాటు కాదు.

రెండోది రాడ్ బరువు. పోటీల్లో మగవాళ్ల రాడ్ 20 కిలోలు, 28 మిల్లీమీటర్ల మందం. ఆడవాళ్లది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. మన చేతికి ఆ మూడు మిల్లీమీటర్ల తేడా బాగా తెలుస్తుంది. చిన్న ఊళ్ల జిమ్ముల్లో ఈ రెండూ కాకుండా, ఎంత బరువో ఎవరికీ తెలియని సన్న రాడ్లు ఉంటాయి. ట్రైనర్‌ని అడిగితే "ఓ పది ఉంటదిలేండి మేడం" అంటాడు. బరువు చూసే మెషీన్ మీద మీరొక్కరే ఒకసారి, రాడ్ పట్టుకుని ఒకసారి ఎక్కండి. తేడా రాడ్ బరువు. రాడ్ చివర్లకు తగిలించే ప్లేట్లను కూడా ఇలాగే తూచండి. నేను వెళ్లే చోట 10 అని అచ్చుపోసిన ప్లేటు ఒకటి తొమ్మిదిన్నరే తూగింది. దాని జతది పది. వారం రోజులు ఎడమ భుజం బలహీనంగా ఉందనుకుని బాధపడ్డాను.

మూడోది చిన్న ప్లేట్లు. ఎక్కువమంది ఆడవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. జిమ్‌లో అన్నిటికంటే చిన్న ప్లేటు 2.5 కిలోలైతే, రెండు వైపులా కలిపి ఒకేసారి 5 కిలోలు పెరుగుతుంది. వంద కిలోలు ఎత్తే మగవాడికి అది లెక్కలోకే రాదు. 15 కిలోలు నెత్తిమీదికి నెట్టే మనకు బరువు మూడో వంతు పెరిగినట్టు. ఎవరి వల్లా కాదు. అర కిలో, కిలో ప్లేట్ల జతలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొనకూడదనుకుంటే పాత జీన్స్ గుడ్డతో రెండు చిన్న సంచులు కుట్టి, ఒక్కోదాంట్లో అర కిలో ఇసుక నింపి, కిరాణా కొట్లో తూకం వేయించి, ప్లేట్ల బయట రాడ్‌కి గట్టిగా కట్టండి. పెన్నా పారే జిల్లావాళ్లం, ఇసుకకు కరువా? నా మొదటి ఏడాదంతా ఆ రెండు సంచుల మీదే గడిచింది. చూసి నవ్వినవాళ్లే తర్వాత అరువడిగారు.

సముద్రం దగ్గరి ఊళ్లలో రాడ్లు తుప్పుపడతాయి. ఇనుప బ్రష్‌తో రుద్ది, మెషీన్ ఆయిల్ పలచగా రాసి పొడిగుడ్డతో తుడిస్తే పట్టు బాగుంటుంది. యజమాని చేయకపోతే మనమే చేసుకోవచ్చు, పది నిమిషాల పని.

జడ, తాళి, మెట్టెలు

మగ ట్రైనర్లు ఈ సంగతి చెప్పరు, వాళ్లకు తెలియదు. స్క్వాట్‌లో రాడ్ వీపు మీద పెట్టుకునేటప్పుడు జడ దాని కింద నలుగుతుంది. లేచేటప్పుడు తల వెనక్కి లాగినట్టవుతుంది. జడ ముందుకు వేసుకోండి, లేదంటే నడినెత్తిన ముడి వేసుకోండి. మెడ దగ్గర ముడి వేస్తే బెంచ్ మీద పడుకున్నప్పుడు తల ఆనదు. తాళిబొట్టు గొలుసు బెంచ్ ప్రెస్‌లో (పడుకుని రాడ్ పైకి నెట్టేటప్పుడు) రాడ్‌కి, ఎముకకు మధ్య పడితే గట్టిగా నొక్కుకుంటుంది. తీసే అలవాటు లేనివాళ్లు బనియన్ లోపలికి వేసి ఒక పక్కకు జరుపుకోండి. గాజులు, ఉంగరాలు తీసేయాలి. బూట్లలో మెట్టెలు నొక్కుతుంటే ఆ గంటసేపు వాటిని కూడా తీయండి.

మెత్తటి అడుగున్న రన్నింగ్ బూట్లు వద్దు. పరుపు మీద నిలబడి బరువెత్తినట్టుంటుంది. అడుగు చదునుగా, గట్టిగా ఉన్న కాన్వాస్ బూట్లు చాలు. చున్నీ రాడ్‌కి చుట్టుకుంటే ప్రమాదం కాబట్టి పొడవు టీషర్ట్, ట్రాక్ ప్యాంట్ మేలు.

స్క్వాట్

గొంతుక్కూర్చోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. పీట మీద కూర్చుని కూరగాయలు తరిగినవాళ్లం, బడిలో గుంజీలు తీసినవాళ్లం. కొత్తగా నేర్చుకోవాల్సింది కూర్చోవడం కాదు, వీపు గట్టిగా ఉంచి లేవడం.

మొదటి రెండు రోజులు రాడ్ లేకుండా చేయండి. భుజాలంత వెడల్పున నిలబడి, పాదాలు కొంచెం బయటికి తిప్పండి. మోకాళ్లు పాదాల దిక్కుకే వెళ్లాలి. లోపలికి ముడుచుకోకూడదు, ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే తప్పు అదే. తొడ మొదట్లో పడే మడత మోకాలిచిప్ప పైభాగం కంటే కిందికి రావాలి. మడమలు లేవకూడదు.

తర్వాత ఖాళీ రాడ్. ర్యాక్‌లో రాడ్ మీ ఛాతీ మధ్య ఎత్తులో ఉండాలి. ముని వేళ్ల మీద లేచి తీయాల్సి వస్తే ఎత్తు ఎక్కువైనట్టు. రాడ్ మెడ ఎముక మీద కాదు, దాని కింద భుజాల వెనకున్న కండ మీద ఆనాలి. స్పాంజి గొట్టం తొడుక్కోమంటారు, వద్దు, రాడ్ జారుతుంది. రెండడుగులు వెనక్కి వేసి నిలబడండి. నీళ్ల బిందె నెత్తికెత్తుకునేటప్పుడు తెలియకుండానే ఊపిరి పీల్చి బిగబడతాం చూడండి, ఇక్కడా అలాగే. ఊపిరి బిగించి కిందికి దిగి, లేచాక వదలండి. లేచేటప్పుడు పిర్రలు ముందు లేచి ఛాతీ వెనకబడితే బరువు ఎక్కువైనట్టే.

సేఫ్టీ కడ్డీలు మీరు పూర్తిగా దిగినప్పుడు రాడ్ ఉండే చోటు కంటే రెండంగుళాలు కింద పెట్టండి. మొదటి వారమే ఖాళీ రాడ్‌తో కావాలని కిందికి దిగి, కడ్డీల మీద వదిలేసి బయటికి రావడం నాలుగైదుసార్లు ప్రాక్టీస్ చేయండి. భయంలో సగం అప్పుడే పోతుంది.

మీ ఫోన్‌ని నడుము ఎత్తులో పక్కన పెట్టి వీడియో తీసుకోండి. అద్దంలో పక్కనుంచి కనపడదు. సరిచేస్తానని ట్రైనర్ చెయ్యి వేయడం ఇష్టం లేకపోతే "నోటితో చెప్పండి, చాలు" అనండి. మొహమాటపడాల్సిన విషయం కాదిది.

డెడ్‌లిఫ్ట్

నేల మీదున్న రాడ్‌ని నిటారుగా నిలబడేదాకా లేపడం. సిమెంటు బస్తా లేపినట్టు నడుము వంచి లాగితే అయిపోయినట్టే. పెద్ద ప్లేట్లు 45 సెంటీమీటర్ల వ్యాసం ఉంటాయి కాబట్టి రాడ్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మనం మొదట్లో వాడేవి ఐదు కిలోల చిన్న ఇనుప ప్లేట్లు. వాటితో రాడ్ చీలమండల దాకా దిగిపోతుంది, నడుము గుండ్రంగా వంగక తప్పదు. తప్పు మనది కాదు, ఎత్తుది. రెండు వైపులా చెక్కదిమ్మలో, పడుకోబెట్టిన ప్లేట్లో పేర్చి, రాడ్ దాదాపు జానెడు ఎత్తున ఉండేలా చూసుకోండి.

రాడ్ పాదం మధ్య భాగానికి సరిగ్గా పైన, ముంగాలికి (మోకాలి కింద ముందువైపు ఎముకకు) అంగుళం దూరంలో ఉండాలి. వంగి పట్టుకోండి, రాడ్ కదలకూడదు. ముంగాళ్లు రాడ్‌కి తగిలేదాకా మోకాళ్లు వంచండి. ఛాతీ ఎత్తి వీపు బిగించండి. ఊపిరి బిగించి, నేలను కాళ్లతో కిందికి తోస్తూ లేవండి. రాడ్ కాలిని రాసుకుంటూ పైకి రావాలి. పైన వెనక్కి వాలొద్దు. అదే దారిలో దించండి.

నిండు గ్యాస్ సిలిండర్ సుమారు 30 కిలోలు. మొదటి నెలాఖరుకు చాలామంది అంత బరువు నడుము వంచకుండా లేపగలుగుతారు. మా ఇంట్లో సిలిండర్ మార్చడానికి ఇప్పుడెవరినీ పిలవడం లేదు.

బెంచ్, ఓవర్‌హెడ్ ప్రెస్

బెంచ్ మీద పడుకుని రాడ్‌ని ఛాతీ దాకా దించి పైకి నెట్టడం. బొటనవేలు రాడ్ చుట్టూ తిప్పి పట్టుకోవాలి, లేదంటే జారి ఛాతీ మీద పడుతుంది. పొట్టివాళ్లకు కాళ్లు నేలకు ఆనకపోతే పాదాల కింద ప్లేట్లు పెట్టుకోండి. పక్కన మనిషి లేకుండా చేయొద్దు. ఎవరూ లేని రోజు డంబెల్స్‌తో చేసుకోండి.

ఓవర్‌హెడ్ ప్రెస్ అంటే నిలబడి భుజాల దగ్గర్నుంచి నెత్తిమీదికి నెట్టడం. నాలుగింటిలో మనకు అన్నిటికంటే కష్టమైంది ఇదే. 15 కిలోల రాడ్ బరువైతే ఏడెనిమిది కిలోల సన్న రాడ్‌తో మొదలుపెట్టండి. నడుము వెనక్కి విరగకుండా పిర్రలు బిగించాలి.

వారానికి మూడు రోజులు

సోమ, బుధ, శుక్రవారాలు. ఈ మూడు రోజులూ స్క్వాట్ ఉంటుంది. బెంచ్ ఒకరోజు, ప్రెస్ ఒకరోజు మారుస్తూ చేయాలి. స్క్వాట్, బెంచ్, ప్రెస్ ఐదేసి రెప్స్ (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్) చొప్పున మూడు సెట్లు. డెడ్‌లిఫ్ట్ ఐదు రెప్స్ ఒక్క సెట్టే. నెల తర్వాత డెడ్‌లిఫ్ట్‌ని జిమ్‌కెళ్లే రోజుల్లో ఒకటి విడిచి ఒకటి చేసి, విడిచిన రోజు లాట్ పుల్‌డౌన్ (మెషీన్ కడ్డీని పైనుంచి ఛాతీ దాకా లాగడం) పెట్టుకోండి. సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగండి. ఆగకుండా చెమట కక్కడం వేరే వ్యాయామం, ఇది కాదు.

వార్మప్ ఖాళీ రాడ్‌తో రెండు సెట్లు. ఆరోజు బరువు 40 అనుకుంటే, తర్వాత 25తో ఐదు, 32.5తో మూడు, ఆపైన 40తో అసలు సెట్లు.

స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ జిమ్‌కెళ్లిన ప్రతిసారీ 2.5 కిలోలు పెంచండి. 15తో మొదలైన స్క్వాట్ నెలలో, అంటే పన్నెండోసారికి, 42.5 అవుతుంది. అందరికీ అంత దూరం రాదు. వీడియోలో తప్పులు కనపడగానే కిలో చొప్పున పెంచండి. బెంచ్, ప్రెస్ మొదటినుంచీ కిలోనే, ఇసుక సంచులు అందుకే.

పుస్తకం తప్పనిసరి. తేదీ, బరువు, ఎన్ని రెప్స్, నిద్ర ఎన్ని గంటలు, నెలసరి ఎన్నోరోజు. నెలసరిలో రాడ్ ముట్టకూడదన్న నియమమేమీ లేదు, కొందరికి అప్పుడే బాగుంటుంది కూడా. రక్తస్రావం ఎక్కువైన రోజు మానేయండి. నాలుగు నెలలు రాస్తే మీ ఒంటి లెక్క మీకే తెలుస్తుంది.

కండ నొప్పి రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలులో సూదిలా గుచ్చే నొప్పి, కాలిలోకి జాలుగా పాకే నొప్పి వస్తే ఆపేసి డాక్టర్‌కు చూపించండి.

చేపల పులుసులో ముక్కలు

55 కిలోల మనిషికి, కిలోకు 1.6 గ్రాముల చొప్పున, రోజుకు 88 గ్రాముల ప్రొటీన్ కావాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే పెంచాలి. గుడ్డులో 6 గ్రాములు. వంద గ్రాముల చేపలోనో, రొయ్యల్లోనో సుమారు 20. వంద గ్రాముల వేరుశనగల్లో 25. యాభై గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 25. డబ్బా పౌడర్ లేకుండానే సరిపోతుంది. కానీ మన ఇళ్లలో ఒక సంగతి ఉంది. నెల్లూరు చేపల పులుసు వండేది మనం, ముక్కలు వెళ్లేది వాళ్ల కంచాల్లోకి, మనకు మిగిలేది మామిడికాయ ముక్క, పులుసు. పొయ్యి దించగానే మీ రెండు ముక్కలు ముందే తీసి పక్కన పెట్టుకోండి. నేను అదే చేస్తున్నాను, ఇంట్లో ఎవరూ చిక్కిపోలేదు.

బరువు ఆగినప్పుడు, ఎండలు ముదిరినప్పుడు

ఒకే బరువు దగ్గర వరుసగా మూడుసార్లు రెప్స్ పూర్తి కాకపోతే ముందు పుస్తకం చూడండి. నిద్ర ఆరు గంటల లోపు పడిపోయిందా, ఇంట్లో పెళ్లి పనులా, ఉపవాసాలా? అవేమీ లేకపోతే పది శాతం తగ్గించి మళ్లీ మెల్లగా రండి. 40 దగ్గర ఆగితే 36కి దిగడం అన్నమాట. ఐదు రెప్స్ మూడు సెట్లు బరువెక్కినప్పుడు మూడు రెప్స్ ఐదు సెట్లు చేయడం చాలామంది ఆడవాళ్లకు కలిసొస్తుంది. మొత్తం రెప్స్ అవే పదిహేను.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలకు రేకుల షెడ్డు జిమ్ములు కుంపట్లే. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఐదున్నరకే వెళ్లండి. ఉప్పేసిన మజ్జిగ సీసాతో పాటు, అరచేతుల చెమట తుడుచుకోవడానికి నూలు తువ్వాలు దగ్గరుంచుకోండి. డెడ్‌లిఫ్ట్‌లో రాడ్ జారేది చెమటకే. ఆ రెండు నెలలు బరువు పెంచకపోయినా పర్వాలేదు, ఉన్నది నిలబెట్టుకుంటే చాలు. జూన్‌లో మబ్బు పట్టాక మళ్లీ సంచులు కట్టండి.

రెండు మూడుసార్లు తగ్గించి వచ్చినా రోజురోజుకూ పెంచడం కుదరని రోజు ఒకటి వస్తుంది. కొందరికి మూడో నెలలో, కొందరికి ఆరో నెలలో. అప్పుడు పెంపును వారానికి ఒకసారికి మార్చుకోండి: సోమవారం అసలు బరువు, బుధవారం దాంట్లో 80 శాతం, శుక్రవారం కిలో ఎక్కువతో ఐదు రెప్స్ ఒక్క సెట్. బండలాగుడు లెక్కలో చెప్పాలంటే, ఇక మీరు రెండు పళ్ల విభాగం.